వివాదంలో ఉన్న రాజు జీవితాన్ని రాయడం ఎలా: పెరాక్ సుల్తాన్ అబ్దుల్లా ఉదాహరణగా

విశాఖపట్నంలో చరిత్ర చదివే విద్యార్థులకు మలయా అన్న పేరు కొత్తది కాదు. ఈ రేవు నుంచీ కాకినాడ రేవు నుంచీ ఓడలెక్కి, రబ్బరు తోటల్లోనూ కొబ్బరి తోటల్లోనూ పనికి వెళ్లిన వారి కథలు ఉత్తరాంధ్ర పల్లెల్లో ఇప్పటికీ వినిపిస్తాయి. అలా వెళ్లిన తెలుగువారు ఎక్కువగా స్థిరపడిన చోట్లలో, నేటి మలేసియాలోని పెరాక్ రాజ్యంలో, పెరాక్ నది సముద్రంలో కలిసే బాగాన్ దాతుక్ ప్రాంతం ఒకటి. మనవారు అక్కడికి చేరకముందు, 1870లలో, అదే నది దిగువ భాగాన ఉండి గద్దె కోసం పెనుగులాడిన యువరాజు ఒకడున్నాడు. అతడే తరువాత రెండవ సుల్తాన్ అబ్దుల్లా ముహమ్మద్ షా అయ్యాడు. బ్రిటిష్ వారిని తన దేశంలోకి పిలిచినవాడని కొందరు, వారిని ఎదిరించి రాజ్యం పోగొట్టుకున్నవాడని మరికొందరు అతని గురించి చెబుతారు. ఇటువంటి రాజు మీద పరిశోధన వ్యాసమో ప్రసంగమో తయారు చేయాలనుకునే వారి కోసం, నేను తరగతి గదిలో ఏళ్ల తరబడి అనుసరించిన పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను.

ముందుగా ఒక అనుభవం చెప్పాలి. చాలా ఏళ్ల క్రితం నగరంలోని ఒక చిన్న సాహిత్య సభలో నేను అబ్దుల్లా గురించి మాట్లాడుతూ, స్వార్థం కోసం పరాయి పాలనను ఆహ్వానించిన ద్రోహి అని ఒక్క మాటలో తేల్చివేశాను. సభ ముగిశాక, తాతగారి తరం పెరాక్ తోటల్లో పనిచేసి తిరిగివచ్చిన కుటుంబానికి చెందిన ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి, "మాస్టారూ, పిలిచినవాడు ద్రోహి అయితే, పిలిపించుకున్నవాళ్లే అతన్ని దీవికి ఎందుకు పంపీసినారు?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. ఆ ప్రశ్నకు సమాధానం వెతకడంలోనే ఈ పద్ధతి రూపుదిద్దుకుంది. మీరు కూడా ఇటువంటి ప్రశ్న ఒకటి కాగితం పైన రాసి పెట్టుకుని పని మొదలుపెట్టండి. "అబ్దుల్లా మంచివాడా, చెడ్డవాడా" అన్నది పనికివచ్చే ప్రశ్న కాదు. "1874లో అతన్ని గద్దె మీద కూర్చోబెట్టినవారే 1877లో ఎందుకు వెళ్లగొట్టారు" అన్నది పనికివస్తుంది, ఎందుకంటే దానికి తేదీలతో, పత్రాలతో సమాధానం వెతకవచ్చు.

పేర్లు, బిరుదుల దగ్గర జాగ్రత్త

తెలుగు పాఠకుడు మలయా చరిత్రలో మొదట పొరబడేది బిరుదుల దగ్గరే. ఆ బిరుదుల్లో చాలా భాగం సంస్కృతం నుంచి వెళ్లినవి కావడంతో మనకు అర్థమైనట్టే అనిపిస్తాయి కానీ వాటి అర్థాలు అక్కడ మారిపోయాయి. పెరాక్‌లో రాజా అంటే రాజ్యమేలేవాడని కాదు, రాజవంశంలో పుట్టినవాడని అర్థం. రాజా ముడా అంటే వరుసలో మొదటి వారసుడు, అంటే మన యువరాజు. బెందహార అన్నది భాండాగారం అన్న మాట నుంచి వచ్చింది, అయినా ఆ పదవిలో ఉన్నవాడు కోశాధికారి మాత్రమే కాదు, రాజ్యంలో అత్యున్నత అధికారుల్లో ఒకడు. లక్సమాన అన్నది లక్ష్మణుడి పేరు నుంచి వచ్చినదే అయినా నౌకా బలానికి అధిపతిని సూచిస్తుంది. మంత్రి నుంచి వచ్చిన మెంతెరి అన్న బిరుదు గల ఙా ఇబ్రహీం లారుట్ అనే తగరపు గనుల ప్రాంతాన్ని దాదాపు స్వతంత్రంగా ఏలినవాడు. (మనం ఎప్పుడో తప్ప వాడని ఙ అక్షరం మలయా పేర్లకు చక్కగా అతుకుతుంది, దాన్ని వాడటానికి సంకోచించనక్కరలేదు.) అన్నిటికన్నా ప్రమాదకరమైనది మహారాజా లేలా అన్న పేరు. అది ఒక స్థానిక నాయకుడి బిరుదు. దాన్ని మహారాజు అని అనువదిస్తే, సుల్తాన్‌కు పైన మరొక రాజు ఉన్నాడని చదువరి అనుకుంటాడు. ఆ పొరపాటు నేను విద్యార్థుల వ్యాసాల్లో పదేపదే చూశాను.

అబ్దుల్లా అన్న పేరుతో వెతికేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. 1851 నుంచి 1857 వరకు పెరాక్‌ను పాలించిన మరొక సుల్తాన్‌కు అదే పేరు, అదే బిరుదు ఉన్నాయి. ఇటీవల మలేసియాకు రాజుగా ఉన్న పహాంగ్ సుల్తాన్ పేరు కూడా అబ్దుల్లాయే. అందువల్ల మీ కథానాయకుడి పేరును ప్రతి కాగితం మీద పుట్టిన సంవత్సరం 1842తో, మరణించిన సంవత్సరం 1922తో కలిపి రాసుకోండి.

నది బొమ్మ వేయండి

కాలక్రమ పట్టిక కన్నా ముందు నది బొమ్మ గీయమని నేను చెబుతాను. పెరాక్ చరిత్రంతా నది వెంట నడిచింది. పన్నులు నది మీద వసూలయ్యేవి, నాయకుల ఇళ్లు నది ఒడ్డున ఉండేవి, రాజకీయ వర్గాలు కూడా ఎగువ, దిగువ అని చీలిపోయాయి. అబ్దుల్లా దిగువన బతక్ రబిట్‌లో ఉండేవాడు. అతని ప్రత్యర్థి ఇస్మాయిల్ ఎగువన బ్లాంజాలో ఉండేవాడు. 1871లో సుల్తాన్ అలీ చనిపోయినప్పుడు యువరాజుగా గద్దె అబ్దుల్లాకు రావాలి. అయితే చనిపోయిన సుల్తాన్‌ను ఖననం చేయకముందే వారసుణ్ణి ప్రకటించే ఆచారం పెరాక్‌లో ఉంది, ఆ సమయానికి అబ్దుల్లా ఎగువకు వెళ్లలేదు. అక్కడ చేరిన నాయకులు బెందహారగా ఉన్న ఇస్మాయిల్‌ను సుల్తాన్‌గా ఎన్నుకుని రాజచిహ్నాలను అతనికి అప్పగించారు. ఇస్మాయిల్ తండ్రి వైపు నుంచి పెరాక్ రాజవంశానికి చెందినవాడు కాడు. వంశంలో మూడోవాడు, వెనకటి అబ్దుల్లా కొడుకు యూసుఫ్, తనకు అన్యాయం జరుగుతోందని ఎగువన కాచుకుని ఉన్నాడు. ఈ ముగ్గురి ఇళ్లను మీ బొమ్మలో గుర్తిస్తే, తరువాత జరిగిన దానిలో సగం విషయం అక్కడే అర్థమవుతుంది.

వారసత్వ తగాదాలోకి బయటివారు ఎలా ప్రవేశిస్తారో తెలుసుకోవడానికి విశాఖ విద్యార్థి దూరం వెళ్లనక్కరలేదు. విజయనగర సంస్థానంలో సీతారామరాజు, విజయరామరాజు అన్నదమ్ముల మధ్య పోరు, ఈస్టిండియా కంపెనీ బకాయిల పట్టుదల, రాజును నెలవారీ భరణం మీద మచిలీపట్నానికి వెళ్లమనడం, 1794 జూలై 10న పద్మనాభం యుద్ధంలో విజయరామరాజు నేలకొరగడం మన ఇంటి చరిత్రే. వ్యాసం మొదలుపెట్టే ముందు ఒక ఆదివారం పద్మనాభం కొండ దగ్గరికి వెళ్లి రండి. పోలికను మాత్రం వ్యాసంలోకి విచ్చలవిడిగా రానివ్వకండి, ఎందుకంటే పెరాక్‌లో బయటివారిని ఆహ్వానిస్తూ లేఖ రాసింది వారసుడే. ఆ తేడాను చెరిపేసే పోలిక వ్యాసాన్ని పాడుచేస్తుంది.

ఒప్పందాన్ని మాట మాటకూ చదవండి

ఇక పత్రాల దగ్గరికి వద్దాం. లారుట్ తగరపు గనుల్లో 1861 నుంచి ఘీ హిన్, హై సాన్ అనే రెండు చైనా రహస్య సంఘాల మధ్య పోరాటాలు చెలరేగాయి. పెనాంగ్, సింగపూర్ వర్తకుల పెట్టుబడులు అందులో ఇరుక్కున్నాయి. 1873 చివరలో అబ్దుల్లా, సింగపూర్ వర్తకుల సహాయంతో, తనను సుల్తాన్‌గా గుర్తించమనీ, పరిపాలన నేర్పే సమర్థుడైన ఒక అధికారిని పంపమనీ సింగపూర్‌లోని బ్రిటిష్ గవర్నర్ ఆండ్రూ క్లార్క్‌కు లేఖ పంపాడు. ఈ లేఖ ఒక్కదాన్నే చూస్తే అతణ్ణి ద్రోహి అనడం సులభం. అందుకే దాని పక్కన మరొక పత్రాన్ని పెట్టి చదవాలి. అదే సంవత్సరం సెప్టెంబరులో లండన్‌లోని వలస మంత్రి కింబర్లీ, మలయా రాజ్యాలలో బ్రిటిష్ అధికారులను నియమించడం మంచిదా కాదా విచారించి నివేదించమని క్లార్క్‌ను ఆదేశించాడు. క్లార్క్ నివేదికకు ముందే ఒప్పందం కుదిర్చాడు, తరువాత లండన్‌కు తెలియజేశాడు. పిలుపు అబ్దుల్లాదే అయినా, వెళ్లాలన్న ఆలోచన ఆ పిలుపు కన్నా ముందే పుట్టింది. ఈ రెండు పత్రాలనూ తేదీల వరుసలో ఉంచడమే ఇక్కడ రచయిత చేయవలసిన పని.

1874 జనవరి 20న పాంగ్‌కోర్ దీవి దగ్గర ఓడ మీద ఒప్పందం కుదిరింది. ఇస్మాయిల్ అక్కడ లేడు, యూసుఫ్ కూడా లేడు. అబ్దుల్లాను సుల్తాన్‌గా గుర్తించారు, ఇస్మాయిల్‌కు నెలకు 1,000 డాలర్ల భరణం నిర్ణయించారు. సుల్తాన్ రెసిడెంట్ అనే ఒక బ్రిటిష్ అధికారిని ఉంచుకోవాలి, మలయా మతాచారాలకు సంబంధించిన విషయాలు తప్ప మిగిలిన అన్నిటిలోనూ ఆ అధికారి సలహా అడగాలి, ఆ సలహా ప్రకారమే నడుచుకోవాలి. రెసిడెంట్ అన్న మాట హైదరాబాద్ చరిత్ర చదివిన తెలుగువారికి సుపరిచితం కాబట్టి అనువదించనక్కరలేదు. "సలహా" అన్న మాటను మాత్రం వివరించకుండా వదలకండి. మన భాషలో సలహా అంటే వినవచ్చు, వినకపోవచ్చు. ఇక్కడ వినకపోవడానికి వీలు లేదు. రెసిడెంట్‌ను ఉత్త సలహాదారు అని రాస్తే వ్యాసం తొలి అడుగులోనే తప్పుతుంది, పాలకుడు అని రాసినా తప్పే. "సలహా అన్న పేరుతో వచ్చిన ఆజ్ఞ" అని రాసి, ఆ నిబంధనను రెండు వాక్యాలలో విడమరచి చెప్పడం నేను అలవాటు చేసుకున్నాను. పన్నుల వసూలు కూడా రెసిడెంట్ సలహా కిందికే చేరింది. గద్దె దక్కిన తొందరలో అబ్దుల్లా తన ఖజానా తాళాన్ని కూడా అప్పగించాడని దీని అర్థం. అతడికి ఆ సంగతి ఆ రోజు ఎంతవరకు తెలిసిందన్నది వ్యాసంలో చర్చించవలసిన విషయం. నా అభిప్రాయంలో అతడు గద్దెను చూశాడు, నిబంధనను చూడలేదు.

బర్చ్ మరణం

జేమ్స్ వీలర్ వుడ్‌ఫర్డ్ బర్చ్ 1874 నవంబరులో తొలి రెసిడెంట్‌గా పెరాక్‌కు వచ్చాడు. అంతకుముందు సిలోన్‌లోనూ సింగపూర్‌లోనూ పనిచేసినవాడు, మలయా భాష సరిగా రానివాడు, పనిలో తొందరపాటు గలవాడు. నది మీద నాయకులు ఎవరికివారు వసూలు చేసుకునే సుంకాలను ఒక చోటికి తేవడానికి పూనుకున్నాడు, అప్పు తీర్చలేక బానిసలైనవారు పారిపోయి వస్తే ఆశ్రయమిచ్చాడు. ఈ రెండో విషయం దగ్గర రచయిత మనసు చలించక తప్పదు. మన మన్యంలో గోతి పేరుతో ఉండిన అప్పు బానిసత్వాన్ని 1940లో మద్రాసు ప్రభుత్వం నిషేధించేదాకా ఎన్ని కుటుంబాలు నలిగిపోయాయో తెలిసినవారు, పెరాక్‌లో పారిపోయి వచ్చిన ఆడవారికి తలుపు తెరిచిన బర్చ్‌ను తేలికగా తప్పుపట్టలేరు. అయినా, ఆ ఇళ్ల ఆచారాన్నీ ఆదాయాన్నీ ఒక్క దెబ్బతో తెంచి, బదులు ఏర్పాటు ఏమీ చూపించకపోవడం నాయకులందరినీ ఏకం చేసిందన్నది కూడా నిజం. ఈ రెండు మాటలనూ ఒకే పేరాలో ఉంచండి. విడదీస్తే బర్చ్ ఒక చోట దయామయుడుగా, మరొక చోట దుర్మార్గుడుగా కనిపిస్తాడు, అతడు ఒకే మనిషన్న సంగతి చదువరికి అందదు.

1875 జూలైలో దురియన్ సెబతాంగ్‌లో నాయకుల సమావేశం జరిగింది, అబ్దుల్లా అందులో ఉన్నాడు. ఆ తరువాత కొత్త గవర్నర్ జార్విస్ పెరాక్‌కు వచ్చి, పాలనను నేరుగా తమ చేతుల్లోకి తీసుకునే ప్రతిపాదన పెట్టాడు. ఒప్పుకోకపోతే గద్దె యూసుఫ్‌కు పోతుందన్న బెదిరింపు వెనుక నిలిచి ఉండగా, అబ్దుల్లా అక్టోబరులో ప్రకటన మీద ముద్ర వేశాడు. నవంబరు 2న ఆ ప్రకటనలు అతికించడానికి పాసిర్ సలాక్ వెళ్లిన బర్చ్, నది ఒడ్డున స్నానపు గదిలో ఉండగా మహారాజా లేలా మనుషుల బల్లెపు పోట్లకు బలయ్యాడు. తరువాత భారతదేశం నుంచీ హాంకాంగ్ నుంచీ సైన్యాలు దిగాయి. మహారాజా లేలానూ, మరొక స్థానిక నాయకుడు దాతో సాగోర్‌నూ 1877 జనవరి 20న ఉరితీశారు. పాంగ్‌కోర్ ఒప్పందానికి ఆ రోజుతో సరిగ్గా మూడేళ్లు.

అబ్దుల్లాకు ఆ హత్యతో సంబంధం ఉందా? వ్యాసానికి గుండె ఇదే, పేజీలు ఎక్కువ కేటాయించవలసినది ఇక్కడే. విచారణ సంఘం ముందు సాక్షులు చెప్పిన వాటిలో, బతక్ రబిట్‌లో అబ్దుల్లా ఆత్మలను ఆవాహన చేసే తంతు జరిపించాడనీ, బర్చ్ చనిపోతాడని ఆ ఆత్మలు పలికాయనీ ఒక వృత్తాంతం ఉంది. రాయడానికి ఎంతో ఊరించే ఘట్టం అది. దాన్ని తీసుకునే ముందు నాలుగు విషయాలు పక్కన రాసుకోండి: ఆ మాట చెప్పినవాడు ఎవరు, ఏ స్థితిలో ఉండి చెప్పాడు, చెప్పినందువల్ల అతనికి ఏమి ఒరిగింది, అదే విషయాన్ని అతనితో సంబంధం లేని మరొకరు చెప్పారా. సాక్షులలో చాలామంది తామే అనుమానితులు. యుద్ధంలో గెలిచిన పక్షమే విచారణ జరిపింది. అబ్దుల్లా మీద బహిరంగ న్యాయస్థానంలో విచారణ జరగలేదు, శిక్ష ప్రభుత్వ నిర్ణయం ద్వారా పడింది. అంతమాత్రాన సాక్ష్యమంతా కల్పన అని కొట్టివేయడమూ సరికాదు, ఎందుకంటే జూలై సమావేశం జరిగిన మాట నిజం, బర్చ్ పట్ల అబ్దుల్లా కోపం నిజం. అతనికి కుట్ర సంగతి తెలుసుననీ, ఆపలేదనీ, గెలుపు ఎటు ఉంటే అటు నిలబడదామని చూశాడనీ నేను నమ్ముతున్నాను. ఇది నా తీర్పు కాబట్టి "నేను నమ్ముతున్నాను" అని రాశాను. మీ వ్యాసంలో కూడా తీర్పు ఉన్న ప్రతి వాక్యానికీ అటువంటి గుర్తు ఉండాలి.

ఆ రోజుల్లో పెరాక్‌లో ఉండి, బర్చ్ మరణం తరువాత పడవలో నది వెంట తప్పించుకుని బయటపడిన ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ రచనలు చదివేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త పాటించాలి. అతడు ప్రత్యక్షంగా చూసినవాడు, కనుక విలువైనవాడు. తరువాత తానే పెరాక్‌కు రెసిడెంట్ అయినవాడు, కనుక తన ప్రభుత్వ విధానాన్ని సమర్థించుకోవలసినవాడు.

క్రియాపదం కూడా తీర్పు చెబుతుంది

తెలుగులో రాసేవారికి ఎదురయ్యే చిక్కు ఒకటి ఉంది. మన క్రియాపదం గౌరవాన్ని తనలోనే మోస్తుంది. బర్చ్ "వచ్చారు", అబ్దుల్లా "వచ్చాడు" అని రాస్తే, రచయితకు తెలియకుండానే పక్షం తేలిపోయింది. పాత పాఠ్యపుస్తకాలలో దొర "సెలవిచ్చారు", రాజు "అన్నాడు" వంటి వాడుక ఎంత సహజంగా ఇమిడిపోయిందో చూస్తే బాధ కలుగుతుంది. చారిత్రక వ్యక్తులందరికీ ఒకే రూపం వాడండి. నేను ఇక్కడ అందరికీ ఏకవచనమే వాడాను. అలాగే "తిరుగుబాటు", "యుద్ధం", "అల్లరి" అన్న మూడు మాటలలో ఒకదాన్ని ఎంచుకుని, ఎందుకు ఎంచుకున్నారో మొదట్లోనే ఒక వాక్యంలో చెప్పండి. బర్చ్‌ది "హత్య" అయితే మహారాజా లేలాది "ఉరి" మాత్రమేనా, లేక "బలిదానమా" అన్న ప్రశ్న ఆ మాటల వెంటే వస్తుంది. ఆ దేశం కూడా దీన్ని రెండు విధాలుగా జ్ఞాపకం ఉంచుకుంది: ఇపో నగరంలో బర్చ్ స్మారక గడియార స్తంభం ఇప్పటికీ నిలిచి ఉంది, పాసిర్ సలాక్‌లో మహారాజా లేలాను వీరుడిగా చూపే చారిత్రక ప్రదర్శనశాల ఉంది, కౌలాలంపూర్‌లో ఒకప్పటి బర్చ్ వీధికి ఇప్పుడు మహారాజా లేలా పేరు ఉంది.

1877 దగ్గర ఆపకండి

చాలా వ్యాసాలు దేశబహిష్కారంతో ముగుస్తాయి. అబ్దుల్లా 1877లో హిందూ మహాసముద్రంలోని సీషెల్స్ దీవులకు ఓడ ఎక్కేనాటికి అతనికి ఇంకా 35 ఏళ్లు నిండలేదు. ఆ తరువాత 45 ఏళ్లు బతికాడు. మూడేళ్ల పాలనకు ఇరవై పేజీలు, మిగిలిన జీవితానికి ఒక్క వాక్యం కేటాయించడం మనిషికి చేసే అన్యాయం. ఙా ఇబ్రహీం, లక్సమాన, షాబందర్ కూడా అతనితో పాటే అక్కడికి పంపబడ్డారు. మనకు తెలిసిన మాటే అయిన షాబందర్ అంటే రేవు అధికారి. ఎన్నో విజ్ఞప్తుల తరువాత 1890ల మధ్యలో అతన్ని సింగపూర్‌కు రానిచ్చారు. సీషెల్స్‌లో వినిపించే ఒక ఫ్రెంచ్ బాణీ ఈ కుటుంబంతో పాటు తిరిగివచ్చిందని చెబుతారు. అది పెరాక్ రాజ్య గీతమై, 1957లో స్వతంత్ర మలయా జాతీయ గీతానికి బాణీ అయింది. ఆ బాణీ రాజ్య గీతం ఎలా అయిందన్న దాని మీద ఒకటికి మించిన కథలు ప్రచారంలో ఉన్నాయి. వాటిలో అందమైనదాన్ని ఏరుకోకుండా, "ఇలా చెబుతారు" అని రాసి ముందుకు సాగండి. అబ్దుల్లా కొడుకు రాజా చులాన్ బ్రిటిష్ కొలువులోనే ఎదిగి నైట్ బిరుదు పొందాడు. తండ్రీకొడుకుల ఈ రెండు దారులను పక్కపక్కన ఉంచితే వలస పాలన ఎలా స్థిరపడిందో వేరే వ్యాఖ్యానం లేకుండానే అర్థమవుతుంది.

పెరాక్‌లోనూ పోల్చి చూడవలసిన మనిషి ఒకడున్నాడు. 1877లో రెసిడెంట్‌గా వచ్చిన హ్యూ లో అనే అధికారి అదే ఒప్పందం కింద, అవే అధికారాలతో పన్నెండేళ్లు పనిచేశాడు. అతనికి మలయా భాష వచ్చు, నాయకులకు రాజ్య సభలో చోటూ ఆదాయంలో వాటా ఇచ్చాడు. తప్పు నిబంధనదా, బర్చ్ స్వభావానిదా అన్న ప్రశ్నకు ఈ పోలిక ఉపయోగపడుతుంది, అయితే దానికి ముందు నాయకులు యుద్ధంలో ఓడి చెల్లాచెదురయ్యారన్న సంగతిని మరువకూడదు.

పుస్తకాల విషయానికి వస్తే, ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలోనూ, ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలోనూ ఆగ్నేయాసియా చరిత్ర, బ్రిటిష్ వలస పాలన శీర్షికల కింద వెతకడం మొదలుపెట్టండి. పాత ప్రభుత్వ పత్రాలు చాలావరకు ఇప్పుడు డిజిటల్ రూపంలో దొరుకుతున్నాయి. ఒక్కొక్క వాస్తవాన్ని ఒక్కొక్క చీటీ మీద రాసి, చీటీ వెనుక ఆ మాట ఎవరిదో రాయండి. బ్రిటిష్ అధికారుల మాటలకు ఒక రంగు, మలయా సాక్షుల మాటలకు ఒక రంగు, స్వాతంత్ర్యం తరువాతి చరిత్రకారుల మాటలకు ఒక రంగు చీటీ వాడితే, ఏ పేరా ఒకే రంగుతో నిండిపోయిందో చూడగానే తెలుస్తుంది. అటువంటి పేరాను మళ్లీ రాయాలి.

అబ్దుల్లా 1922 డిసెంబరులో, తన పాత రాజ్యంలోని క్వాలా కాంగ్సార్‌లో, 80 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. పెరాక్ సుల్తాన్లకు మరణానంతరం మరొక పేరు పెట్టే ఆచారం ఉంది, అతనికి మర్హూమ్ హబీబుల్లా అన్న పేరు పెట్టారు. పెరాక్ చరిత్ర అతన్ని గద్దె దింపబడిన సుల్తాన్‌గానైనా సుల్తాన్‌గానే లెక్కించిందని ఆ పేరు చెబుతుంది కాబట్టి, వ్యాసంలో దానికి చోటివ్వండి. రాసిన ప్రతిని అచ్చుకు ఇచ్చే ముందు, బాగాన్ దాతుక్ వైపు బంధువులున్న కుటుంబం మీ పేటలో ఉంటే వారికి ఒకసారి చదివి వినిపించండి. ఊర్ల పేర్లు పలకడంలో మనం చేసే తప్పులను వారు అక్కడికక్కడే సరిదిద్దుతారు.